కుండీ మీది శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం: దయచేసి ఈ మొక్కకు నీళ్ళు పోయవద్దు. – అడ్మిన్

అవతారిక: మాదాపూర్‌లో ఒక ఆఫీసు అయిదో అంతస్తున, ప్రింటరుకూ మంచినీళ్ళ మెషీనుకూ నడుమ, తెల్ల కుండీకి టేపుతో అంటించిన ఏకవాక్య గ్రంథమిది. చెడు వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికని మెదకు సీమ కోలాచల మల్లినాథసూరి తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మా కుండీలో మూర్ఛ మంచినీళ్ళ వల్ల వచ్చింది. మూలంలో లేనిది రాయనన్న ఆయన నియమం ఇక్కడ చెల్లదు. సంతకంతో కలిపి మూలంలో ఉన్నవి ఆరు మాటలే.

ప్రతిపదార్థం: దయచేసి = ఇదివరకు మూడింటిని చంపిన మహాశయులారా; ఈ = మిగిలిన ఒకే ఒక్క; మొక్కకు = మనీప్లాంటునకు; నీళ్ళు = మీటింగులో సగం తాగి వదిలిన సీసా నీరు, చల్లారిన గ్రీన్ టీ, టిఫిన్ డబ్బా తొలిచిన కడుగునీరు మొదలగునవి; పోయవద్దు = పోస్తూ మా కంట పడవద్దు; అడ్మిన్ = తానూ పోయనివాడు.

విశేషాంశాలు: "మొక్కకు" – ఇది పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి సొత్తు. తోటలో కొబ్బరిచెట్టు పట్టుకొని పాకితే చేటంత ఆకు వేస్తుంది. కుండీలో అరచేతికి మించదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ ఒంట్లో సరిగా తయారు కాక దాదాపు పూయనే పూయదు. పువ్వూ కాయా లేని దీనికి మనీ అని పేరు పెట్టినవాడు ఏ అప్రైజల్ నుంచో నేరుగా వచ్చి ఉంటాడు.

"నీళ్ళు" – గ్రంథానికి ఆయువుపట్టు ఈ పదం. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే. అందం కోసం కొన్న తెల్ల కుండీకి అడుగున చిల్లు లేదు. పోసిన నీరు అడుగున నిలుస్తుంది, మట్టిలో గాలి సందులు పూడిపోతాయి, వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చదు కనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి టెస్టింగ్ టీమువారు జాలిపడి ఇంకో సీసా వంచుతారు. మధ్యాహ్నం డెవలపర్లకూ జాలి కలుగుతుంది. నైట్ షిఫ్టువారికి కలిగే జాలికి సాక్షులు లేరు. మానిటర్ల ముందు ఎగిరే సన్నని నల్ల ఈగలు ప్యాంట్రీవి కావు, ఈ తడిమట్టివి.

పూర్వపక్షం: గాలి శుభ్రమవుతుందనీ, నాసా చెప్పిందనీ హెచ్‌ఆర్ మెయిలు. సమాధానం: 1989 నాటి ఆ పరీక్షలు మూసిన చిన్న గదిపెట్టెల్లో చేసినవి. మామూలు భవనంలో గాలి మారే వేగాన్ని అందుకోవాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. అప్పుడు ఉద్యోగులు కారిడార్లో కూర్చోవాలి. మొక్క కంటికి బాగుంటుంది. ఆ కారణం చాలదా?

పాఠాంతరం: అచ్చు కింద నీలి బాల్‌పెన్నుతో "మరి ఎవరు పోస్తారు?" అని ఉంది. ఇది ప్రక్షిప్తమని అడ్మిన్ వాదం. మా మతంలో గ్రంథంలోకెల్లా ప్రామాణికమైన వాక్యం ఇదే. పోయనివారెవరో మూలం చెప్పింది, పోసేవారి ఊసెత్తలేదు. పొద్దున ఎనిమిదికి ముందే వచ్చి, తడిగుడ్డతో ఒక్కో ఆకు కింద అరచెయ్యి ఆనించి దుమ్ము తుడిచే హౌస్‌కీపింగ్ అక్కను అడిగితే ఒక్క ముక్కలో తేల్చింది: "గిది దూప గాదు సార్, నీళ్ళే ఎక్కువైనయ్." మల్లినాథుడికి కూడా ఇంత క్లుప్తత అబ్బలేదు. ఆమె మాట ఏ మెయిల్లోనూ రాలేదు. ఆమెకు ఆఫీసు మెయిలు లేదు.

ఇక అద్దె మొక్కల ఏజెన్సీ మాలి శనివారం వస్తాడు. చచ్చినదాన్ని పట్టుకుపోయి అదే కొలత కొత్తదాన్ని పెట్టి పోతాడు. సోమవారం "మన మొక్క చిగురించింది" అని గ్రూపులో ఫోటోలు, చప్పట్లు. పునర్జన్మ సిద్ధాంతానికి ఇంతకన్నా దృష్టాంతం దొరకదు.

తాత్పర్యం: అందరూ ప్రేమిస్తే మొక్క మునిగి చస్తుంది, ఒకరు కనిపెట్టుకుంటే బతుకుతుంది. కాబట్టి ఓ ఉద్యోగులారా, జాలి పుట్టగానే సీసా ఎత్తకండి. వేలు రెండు కణుపులు మట్టిలో దించి చూడండి. తడి తగిలితే మూత బిగించుకొని సీటుకు వెళ్ళండి. పొడిగా ఉంటే అక్కకు చెప్పండి.