బ్యాంకు తప్పు బయటపడ్డాక చెవిన పెట్టకూడని సలహాలు

ఇంటి లోనులో బ్యాంకు ఎన్నడో వేయకూడని ఫీజు వేసిందని తేలిన రోజు నుంచి సలహాలకు కరువుండదు. కపిలేశ్వరపురంలో టీ కొట్టు దగ్గర ఆగినా, మండపేట వెళ్లే బస్సు ఎక్కినా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మంచి మనసుతోనే చెబుతారు. అయినా వింటే నష్టపోయేది లోను తీసుకున్నవాళ్లే. అందుకే, నేను ఎక్కువగా విన్న సలహాలు ఎందుకు పనికిరావో ఇక్కడ రాస్తున్నాను.

“ఎప్పటిదో ఆరు వేలే కదండీ, అవి తెచ్చేసుకోండి చాలు.” అన్నిటికంటే ఖరీదైన సలహా ఇదే. ఆ ఆరు వేలు మీ జేబులోంచి తీసుకోలేదు, లోను ఖాతాకు రాశారు. అంటే అసలులో కలిసింది. నెల వాయిదా మారలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వాయిదా అదే, అసలు మాత్రం ఎక్కువ. ఆ ఎక్కువ మొత్తం లోను వడ్డీతోనే పెరిగి పెరిగి, చివర్లో అదనపు వాయిదాలుగా బయటపడుతుంది. ఏడాదికి 9 శాతం వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ అనుకుంటే 6,000 రూపాయలు 12 ఏళ్లలో దాదాపు 17,600 అవుతుంది. బ్యాంకు పెద్దమనసు చేసుకున్నట్టు సేవింగ్స్ ఖాతా లెక్కన 3 శాతం కలిపి ఇస్తే 8,600 దాటదు. మిగతా తొమ్మిది వేలూ బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. మీ దగ్గర ఏ రేటున వసూలు చేశారో ఆ రేటునే తిరిగి ఇవ్వాలి. న్యాయమైన పరిహారానికి కనీస హద్దు అది. ఫీజు మీద వేసిన జీఎస్టీ, అంతకుముందైతే సర్వీస్ ట్యాక్స్, అదీ లెక్కలోకి రావాలి. తిరిగిన తిరుగుడుకీ, పడ్డ మనోవేదనకీ అడిగేది వేరే పద్దు. దాన్ని ఫీజు లెక్కతో కలిపేయకండి.

ఏది తప్పుగా వేసిన ఫీజో తెలియాలంటే లోను మొదలైన రోజు నుంచి స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనును ముందే తీర్చేసినందుకు బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే చెప్పింది. లోను మంజూరైన తేదీ నుంచో ఒప్పందం తేదీ నుంచో వడ్డీ లెక్కగట్టి, డబ్బు చేతికి రాకముందే వసూలు చేస్తున్నారని 2024 ఏప్రిల్‌లో తప్పుపట్టింది. అలా తీసుకున్నది తిరిగి ఇప్పించామనీ చెప్పింది. 3 లక్షల లోపు కిసాన్ క్రెడిట్ కార్డు లోన్లకు ప్రాసెసింగ్, ఇన్‌స్పెక్షన్ ఛార్జీలు ఎత్తివేయమని 2019 ఫిబ్రవరిలో బ్యాంకులకు చెప్పారు. వరి, అరటి, కొబ్బరి మీద అప్పు తెచ్చుకునే ఊళ్లో ఈ ఒక్క పద్దు చూసుకున్నా చాలామందికి తేడా కనబడుతుందని నా నమ్మకం.

“పదేళ్లయిపోయిందండీ, మురిగిపోయింది.” పొరపాటున చెల్లించిన సొమ్ము తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. పొరపాటు కారణంగా వేసే దావాకు గడువు, ఆ పొరపాటు తెలిసినప్పటి నుంచో, తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండేదన్నప్పటి నుంచో లెక్క అని 1963 లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ అంటోంది. కాబట్టి ఎప్పుడు, ఎలా తెలిసిందో బ్యాంకుకు రాసే మొదటి అర్జీలోనే తేదీతో రాయండి. తెలిశాక మాత్రం ఆలస్యం చేయొద్దు.

“ఆ బ్యాంకే లేదు కదా, ఎవరిని అడుగుతారు?” ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. మీ బాకీని కొత్త బ్యాంకు వదిలేసిందా? మరి మీకు రావాల్సిందీ అంతే, దానితోపాటే వెళ్లింది.

“మేనేజరుగారితో పెట్టుకుంటే రేపు పంట లోను ఎవరిస్తారండీ?” ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఏడాదికోసారి అదే బల్ల ముందు నిలబడాలి. అయితే లోను అర్జీ కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అది అడగండి. ఫిర్యాదు మనిషి మీద కాకుండా లెక్క మీద రాయండి.

“వాయిదాలు ఆపేయండి, వాళ్లే దిగొస్తారు.” ఇది చెప్పేవాళ్లకు దూరంగా ఉండండి. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది, ఆపైన తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు రావచ్చు. ఆ చట్టం నుంచి సాగుభూమికి మినహాయింపు ఉంది కానీ ఇంటికి లేదు. తప్పు బ్యాంకుదైనా ఇల్లు మీది. వాయిదా కడుతూనే పోట్లాడండి.

“నేరుగా రిజర్వు బ్యాంకుకే రాసేయండి, మంచి ప్లీడరును పట్టుకుని.” రెండూ తప్పే. ముందు బ్యాంకుకు రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఫీజు లేదు. ప్లీడరు ద్వారా పంపిన ఫిర్యాదు తీసుకోరు. 2021 అంబుడ్స్‌మన్ పథకంలో నష్టానికి 20 లక్షల దాకా, మనోవేదనకు విడిగా లక్ష దాకా ఇప్పించే అధికారం పెట్టారు. ఊళ్లో సొసైటీ ఇచ్చిన అప్పులు మాత్రం దీని కిందికి రావు.

“ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టేయండి.” డబ్బు తీసుకోండి. ‘ఇక ఏ బాకీ లేదు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం వద్దు. ‘మిగతా మొత్తంపై నా హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను’ అని రాసి ఇవ్వండి. ఐర్లండులో ట్రాకర్ అనే రకం తనఖా లోన్లలో బ్యాంకులు 40 వేలకు పైగా ఖాతాలకు అన్యాయం చేశాయని తేలినప్పుడు, అక్కడి కేంద్ర బ్యాంకు ఇదే పద్ధతి పెట్టించింది. అదనంగా వసూలు చేసింది తిరిగి ఇవ్వాలి, దానిపైన పరిహారం ఇవ్వాలి. ఆ డబ్బు తీసుకున్నాక కూడా ‘చాలదు’ అని అప్పీలుకు వెళ్లే దారి ఉంచింది. అడిగినవాళ్లకే కాదు, దెబ్బతిన్న ఖాతాలన్నీ బ్యాంకులే వెతికి పట్టుకోవాలంది. ఒక శాఖలో ఒక ఖాతాకు పడిన తప్పు ఫీజు పక్క ఖాతాకూ పడే ఉంటుంది. మన దగ్గరా అలా వెతకాలని అర్జీలో ఒక వాక్యం రాయండి.

ఇక లోను తీసుకున్న పెద్దాయన పోయిన ఇళ్లలో “ఆయనతోనే పోయిందిలే” అంటారు. పోలేదు. అప్పు వారసుల మీదికి వచ్చినట్టే ఈ హక్కూ వస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, వారసులంతా కలిసి ఒకే అర్జీ పెట్టండి. సొమ్ము ఎవరి ఖాతాలో వేయాలో అందులోనే రాయండి.