ఏ జిల్లా పిల్లాడివిరా?

గద్వాల పక్క పల్లెలో ఒక పిల్లాడు ఐదో తరగతికొచ్చాడు. వాడికీ జోగులాంబ గద్వాల జిల్లాకూ ఇంచుమించు ఒకటే ఈడు. 2016 దసరా నాడు జిల్లా పుట్టింది. కలెక్టర్ వచ్చాడు, ఎస్పీ వచ్చాడు. నవోదయ బడి మాత్రం రాలేదు.

ఉమ్మడి పాలమూరు నవోదయ బిజినేపల్లి మండలం వట్టెంలో ఉంది. జిల్లాలు పంచుకున్నప్పుడు అది నాగర్‌కర్నూలు వాటాకు పోయింది. అందులో చేరాలంటే రూలేమో పిల్లాడు ఆ జిల్లా వాసి కావాలి, ఐదో తరగతి ఆ జిల్లాలోనే చదవాలి. మరి గద్వాల, వనపర్తి పిల్లల గతేంటి? దానికీ మందుంది: కొత్త జిల్లాలో నవోదయ తెరిచేదాకా పాత సరిహద్దే లెక్క. అంటే తహసీల్దారు కాగితంలో కొత్త జిల్లా, నవోదయ లెక్కలో మనవాడు బడిముఖం చూడకముందే ముక్కలైన జిల్లా.

జిల్లా తేలినా పని కాలేదు. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నంవాడే. మేనమామ ఇంట్లో ఉంచి టౌన్ బడికి పంపారా? ఇంగ్లీషు అంటుకోలేదు గానీ పట్నం అంటుకుంది.

అదే పిల్లాడు పెద్దయి జూనియర్ అసిస్టెంటు నౌకరికి పెట్టుకుంటే పాత జిల్లా చెల్లదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. నూటికి 95 కొలువులు లోకల్ వాళ్లవే. వట్టెంలో ఆరు, ఏడు చదివితే భయం లేదు, రెండేళ్లే కదా. మూడో తరగతిలోనే వనపర్తి హాస్టల్లో వేశారో, ఇల్లు, ఓటు, రేషన్ కార్డు గద్వాలలో ఉన్నా వాడు వనపర్తివాడు. పెళ్లిచూపుల్లో కట్నం సంగతి తర్వాత, ముందు స్టడీ సర్టిఫికెట్లు ఏడూ అడగండి.

ఏ జిల్లా అని అడగనిది ఊళ్లో సర్కారు బడి ఒక్కటే. టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాల్సిందేనని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. బడిబాటలో సార్లే ఇంటింటికీ తిరిగి బతిమాలతారు. అక్కడికి పంపమంటే మాత్రం మనకు నామోషీ.

అలంపూర్ వాళ్ల తిప్పలు వేరు. తుంగభద్ర దాటితే కర్నూలు. బడి దగ్గరని అటు పంపితే జిల్లా కాదు, రాష్ట్రమే మారిపోతుంది. జిల్లాకు అలంపూర్ అమ్మవారు జోగులాంబ పేరు పెట్టాం, నౌకర్ల జోన్‌కూ ఆమె పేరే పెట్టాం. ఇక గుడి పక్కింటి పిల్లాడు ఏరు దాటి చదువుకుంటే, జోగులాంబ జోన్‌లో వాడు నాన్‌లోకల్.