అంబాసిడర్‌కు వడ్డాణం

పాత కార్ల పునరుద్ధరణ విద్యలో ఇంజను, గేర్‌బాక్సు, టింకరింగు, పెయింటింగు వంటి అంగాలపై తలెత్తే అభిప్రాయభేదాలు ఎంతో కొంత ఖర్చుతో సమసిపోతాయి గాని, సీటు బెల్టు దగ్గరికి వచ్చేసరికి చర్చ యంత్రశాస్త్రాన్ని విడిచి ధర్మశాస్త్రంలోకి ప్రవేశిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన హిందుస్థాన్ అంబాసిడర్‌లో, ప్రత్యేకించి 1962లో వచ్చిన మార్క్-2లో, ఈ సంకటం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బండి పుట్టినప్పుడు దానికి బెల్టు లేదు గనుక ఇప్పుడు బిగిస్తే అసలు రూపం చెడిపోతుందని యజమానుల్లో ఒక వర్గం గట్టిగా వాదిస్తుంది. అదే వర్గం అదే బండికి రేడియల్ టైర్లు, హాలోజన్ లైట్లు, డ్యాష్‌బోర్డు కింద బ్లూటూత్ స్టీరియో అమర్చుకున్నప్పుడు అసలు రూపానికి ఏ హానీ జరగలేదని భావించడాన్ని బట్టి, ఈ నిష్ఠ పాటలకు వర్తించదనీ ప్రాణాలకు మాత్రమే వర్తిస్తుందనీ నిర్ధారించవలసి వస్తుంది.

చరిత్ర కూడా ఈ వాదానికి సాక్ష్యం చెప్పదు. నడుము మీదుగా, ఛాతీ మీదుగా సాగి మూడు చోట్ల కారు దేహానికి బిగిసే నేటి బెల్టును స్వీడన్‌లోని వోల్వో సంస్థలో నీల్స్ బోలిన్ రూపొందించగా, 1959లోనే అది ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. అంటే బెల్టు మార్క్-2 కంటే మూడేళ్లు పెద్దది. అంతకుముందు సాబ్ సంస్థలో పైలట్‌ను విమానంలోంచి బయటికి విసిరే సీట్ల మీద పనిచేసిన బోలిన్, మనిషిని లోపలే నిలిపి ఉంచే పనికి మళ్లడం ఒక విశేషమైతే, ఆ పేటెంటును ఇతర కంపెనీలు వాడుకోవడానికి వోల్వో అడ్డు చెప్పకపోవడం అంతకంటే పెద్ద విశేషం.

ఎంపికలో అన్నిటికంటే చవకైనది నడుము పట్టీ: రెండు కొసలూ ఫ్లోరుకు బిగిసి తుంటి ఎముకల మీదుగా వెళ్లే ఈ పట్టీ మనిషిని సీటులో కూర్చోబెడుతుంది గాని అతని తలను, ఛాతీని ఆపలేదు, వాటి ఎదురుగా ఉన్నదేమో ఢీకొన్నప్పుడు ముడుచుకోవడం తెలియని పాతకాలపు స్టీరింగు కడ్డీ. మూడు చోట్ల బిగిసే బెల్టుల్లో రీలు లేని రకం పాత బండికి చూపులకు బాగా నప్పుతుంది. అయితే దాని పొడవును ఎవరికి వారు చేత్తో సరిచేసుకోవాలి గనుక, ఉదయం కొడుకు నడిపిన బండిని భోజనానంతరం తండ్రి నడపాలంటే బకిల్‌తో కొంత కుస్తీ తప్పదు.

ఆ కుస్తీని తప్పించేది ఇనర్షియా రీలు, అంటే మామూలుగా పట్టీని వదులుతూ, చుట్టుకుంటూ, బండి వేగం హఠాత్తుగా తగ్గినప్పుడు మాత్రం బిగిసిపోయే చుట్ట. చాలా రీళ్లలో చిన్న గుంటలో ఒక ఉక్కు గోళీ ఉంటుంది. గట్టి బ్రేకు పడగానే అది గుంట అంచు ఎక్కి పైనున్న మీటను లేపుతుంది, ఆ మీట పోయి పళ్లచక్రంలో ఇరుక్కుంటుంది. బండి ఆగిందా, రీలునే వంకరగా బిగించారా అన్నది ఆ గోళీకి తెలిసే మార్గం లేదు. అంబాసిడర్ ఒళ్లంతా వంపులే గనుక, నిటారుగా ఉండవలసిన రీలును వాలు మీద బిగిస్తే గోళీ తాను నిరంతరం ప్రమాదంలోనే ఉన్నట్టు భావించి అంగుళం పట్టీ కూడా వదలదు. యజమాని మెకానిక్‌ను, మెకానిక్ రీలును తిట్టే ఈ ఘట్టం, ఏ కోణానికి చేసిన రీలో చూసి కొన్నవారికి ఎదురుకాదు.

అయితే బెల్టు ఏదైనా, దాని బలం అది దిగిన రేకు బలాన్ని మించదు. ఆరు దశాబ్దాల బండిలో తలుపుల మధ్య నిలిచే పిల్లరు పాదాల వద్ద తుప్పు, తుప్పు మీద పుట్టీ, అంటే గుంటలు పూడ్చే ముద్ద, దాని మీద నిగనిగలాడే పెయింటు ఉండడం సర్వసాధారణం. చిన్న అయస్కాంతాన్ని పైపైన నడిపిస్తే అది ఇనుమున్న చోట అతుక్కుని, పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోతుంది గనుక, ఆ బండిలో కారెంతో, కళెంతో నిమిషంలో తేలిపోతుంది. గట్టి రేకు దొరికిన చోట కూడా వెనుకవైపు ఉక్కు పలక వేయకపోతే, బోల్టు రేకును చించుకుని మనిషి వెంటే బయలుదేరుతుంది. భుజం దగ్గరి బిగింపు భుజం ఎత్తుకు బాగా తగ్గితే పట్టీ వెన్నెముకను కిందికి నొక్కుతుంది గనుక, ఆ కొసను సీటు వెనుక ఫ్లోరుకే కట్టేసే సులభోపాయం కూడా పనికిరాదు. ఇక పాత సామాన్ల కొట్లలో దొరికే బెల్టుల విషయానికొస్తే, ఒకసారి ప్రమాదపు దెబ్బ తిన్న పట్టీ సాగిపోయి ఉంటుంది గనుక మళ్లీ వాడకూడదన్నది నియమం. కాని తుక్కుకు వచ్చిన ప్రతి బండీ ఏ గీతా పడని, సింగిల్ ఓనరు డాక్టరుగారి బండేనని ఆ కొట్లలో వినిపించే మాటను నమ్మితే, ఈ దేశంలో ప్రమాదాలు జరిగినట్టే కనిపించదు.

మార్క్-2 ముందు సీటు బెంచీ సీటు, అంటే ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే పరుపు. డ్రైవరుకు, చివరి మనిషికి పూర్తి బెల్టు, నడుమ మనిషికి పక్కన పిల్లరు లేదు గనుక నడుము పట్టీ ఇవ్వడం సబబు. పెళ్లిళ్ల సీజనులో అదే సీటులో సర్దుకునే నాలుగో బంధువుకు మాత్రం ఏ దేశపు ప్రమాణాలూ బెల్టు సూచించలేదు. బెల్టు కట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత 1000 రూపాయల జరిమానా ఉన్నందున, అసలు బెల్టే లేకపోతే కట్టుకోలేదన్న నేరమూ ఉండదని తర్కించే యజమానులూ లేకపోలేదు.

ఇన్ని చిక్కుల మధ్య అత్యధిక కాలం జరిగే చర్చ పట్టీ రంగు గురించి. సీటు రెక్సిన్‌కు సరిపోయే లేత గోధుమ రంగు పట్టీ దొరకనప్పుడు, దొరికిన దాన్ని అద్దకానికి ఇవ్వాలన్న ఆలోచన వస్తుంది. రసాయనాలు దారాన్ని బలహీనపరుస్తాయి గనుక తయారీదారులు అద్దకాన్ని, బ్లీచింగును రెండింటినీ వద్దంటారు. అందువల్ల నల్ల పట్టీనే బిగించి, దానికి సరిపోయేలా సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టించుకున్న యజమానులు, అసలు రూపం ఇప్పుడు మరింత కుదిరిందని చెబుతుంటారు.