నిలబడి పనిచేసే బల్ల ఆత్మకథ

తన కథను తానే చెప్పుకొంటున్న ఈ బల్ల హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో ఉంది. మీట నొక్కితే కాళ్లలోని మోటార్లు తిరిగి, ఒకదానిలో ఒకటి ఒదిగిన ఉక్కు గొట్టాలు బయటికి జరగడం వల్ల, కూర్చున్నవారి మోచేతి ఎత్తు నుంచి నిలుచున్నవారి మోచేతి ఎత్తు దాకా లేస్తుంది. మోటారు కొత్తదే గాని వంశం పాతది: అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఎత్తైన బల్ల ముందు నిలబడి రాసేవాడు; ఎర్నెస్ట్ హెమింగ్వే హవానా దగ్గరి తన ఇంట్లో పుస్తకాల అర మీద టైపురైటర్ పెట్టుకొని నిలబడే పనిచేసేవాడు.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వెలువరించిన వృత్తివ్యాధుల గ్రంథంలో, కూర్చుని పనిచేసే దర్జీల, చెప్పులు కుట్టేవారి బాధలతో పాటు, ఎక్కువసేపు నిలబడేవారి కాళ్లలో సిరలు ఉబ్బడాన్ని కూడా వర్ణించాడు. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, సీటు వదలని డ్రైవర్లకన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లలో హృద్రోగం తక్కువని వెల్లడించింది. తొడల, పిక్కల కండరాలు కదలకపోతే అవి రక్తంలోని చక్కెరను, కొవ్వును వాడుకొనే వేగం తగ్గుతుంది. ఆ కొవ్వును విడగొట్టే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము కూడా మందగిస్తుంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులపై జరిగిన ఒక అధ్యయనం, వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్లు 2025లో ప్రకటించింది. ఈ బల్ల ఈ కార్యాలయంలో ఉండవలసిన అవసరాన్ని ఆ ఒక్క అంకె చాటుతుంది.

అయినా లేని మహిమను ఈ బల్ల తనకు ఆపాదించుకోదు. కూర్చోవడంతో పోలిస్తే నిలబడినందువల్ల అదనంగా ఖర్చయ్యే శక్తి గంటకు సుమారు 9 కిలోకేలరీలే. కదలకుండా గంటల తరబడి నిలబడితే కాళ్లలో రక్తం నిలిచి, రామజ్జీని చెప్పిన బాధే ఎదురవుతుంది. కనుక దీని విలువ ఎత్తులో లేదు, ఎత్తు మారడంలో ఉంది. ఒకే ఎత్తులో వదిలేస్తే ఇదీ మామూలు బల్లే.

చదువరులకు ఈ బల్ల విన్నపం ఇది: మోచేతులు లంబకోణంలో ఉండేలా ఎత్తును, పై అంచు కంటికి సమంగా ఉండేలా తెరను సరిచేసుకోవాలి, అరగంటకొకసారి భంగిమ మార్చాలి, వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను మరవకుండా రోజూ నడవాలి, ఎందుకంటే ఆ నడకకు ఏ బల్లా ప్రత్యామ్నాయం కాదు.