ఎవరూ వెళ్ళిపోకండి, రెండే నిమిషాలు!

రాత్రి తొమ్మిదయ్యేసరికి రింగ్ లైట్ వెలుగుతుంది. "హాయ్ అండీ, సౌండ్ వస్తోందా? వీడియో క్లియర్‌గా ఉందా?" అంటూ లైవ్ అక్క ప్రత్యక్షమవుతుంది. ఈవిడ ఫలానా ఊరావిడ అని చెప్పనక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో బట్టల కొట్లకు తాళాలు పడ్డాక, హాల్లో సోఫా ఓ పక్కకి జరిపి, గోడకి పువ్వుల తెర కట్టి, ఫోన్నే కొట్టు చేసుకున్న అక్కలు ఇప్పుడు వీధికొకరున్నారు. "సింగిల్ పీస్ అండీ, నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసేయండి" అన్న మాట నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగలదు.

మూడు గంటల లైవులో అక్క భయపడేది రెంటికే. ఒకటి గొంతు, రెండోది తెర మీద కన్నుబొమ్మ పక్కన కనిపించే అంకె. ఎంతమంది చూస్తున్నారో చెప్పే ఆ అంకె అక్క కుర్చీలోంచి లేస్తే చాలు, తనూ లేచిపోతుంది. వెనకటికి దూరదర్శన్ వాళ్ళకి ఈ బెంగ లేదు. 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని ఓ బోర్డు పెట్టేస్తే ఊరంతా ఆ బోర్డునే కళ్ళార్పకుండా చూసేది. వేరే ఛానెలుంటే గదా పోవడానికి! ఇప్పుడు బొటనవేలు ఒక్కసారి పైకి జరిపితే ఇంకో అక్క, ఇంకో మంగళగిరి, అదే నిజాం అంచు, యాభై రూపాయలు తక్కువ.

అందుకని మన అక్క లేవడం ఓ విద్యగా అభ్యసించింది. మంచినీళ్ళకైతే అసలు లేవదు. కుడిచేత్తో పల్లూ కెమెరాకి అడ్డంగా పరిచి, ఆ చాటున ఎడంచేత్తో సీసా ఎత్తేస్తుంది. "బుటా ఎంత నీట్‌గా ఉందో చూడండీ" అన్నాక వచ్చే నిశ్శబ్దమంతా గుటకలే. కుక్కర్ కూతకి లేవాల్సొస్తే మాత్రం ప్రశ్న వేసి వెళుతుంది. "ఈ అంచు ఏ ఊరి నేతో కామెంట్‌లో పెట్టండి, కరెక్టుగా చెప్పినవాళ్ళకి ఫాల్ ఫ్రీ!" వచ్చేలోగా పోచంపల్లి నుంచి ధర్మవరం దాకా చేనేత పటమంతా కామెంట్లలో తయారవుతుంది. డల్లాస్‌లో పొద్దున పదిన్నరకి ఆఫీసు మీటింగు మ్యూట్‌లో పెట్టి చూస్తున్నావిడ 'నారాయణపేట' అని మూడుసార్లు పెడుతుంది.

అన్నిటికన్నా పెద్ద అస్త్రం రేటు. గద్వాల చీర విప్పుతుంది. ఒళ్ళంతా నూలేనంటుంది, అంచూ పల్లూ పట్టంటుంది, వాటిని ఒంటితో కలిపి నేసే కుప్పడం పనితనం పోగు పోగునా వివరిస్తుంది. "మరి దీని రేటెంతంటే..." అని ఆగి, "ఒక్క నిమిషం అండీ, స్టాక్ తెస్తా" అని మాయమవుతుంది. ఇహ ఒక్క ప్రాణీ కదలదు. స్టాక్ ఉండేది ఆమె కాళ్ళ దగ్గర అట్టపెట్టెలోనేనని పాత కస్టమర్లందరికీ తెలుసు. తను వెళ్ళింది ఎక్కడికో కూడా తెలుసు. అడగరు. ఏడు నిమిషాల తర్వాత వట్టిచేతులతో వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ కూర్చున్నా "స్టాక్ దొరికిందా అక్కా?" అని ఎవరూ అనరు. అది ఆడవాళ్ళ మర్యాద.

పైగా లైవంటే అచ్చంగా లైవు కాదు. ఇక్కడి బొమ్మ అక్కడికి చేరేసరికి పది ఇరవై సెకన్లు పడుతుంది. అక్క తిరిగొచ్చి కూర్చున్నాక "అక్కా, ఎక్కడికెళ్ళారు?" అని కొత్తవాళ్ళ కామెంట్లు మొదలవుతాయి. "ఇక్కడే ఉన్నాను కదండీ!" అని ఆవిడ కసురుతుంది. ఆ కసురూ ఆలస్యంగానే చేరుతుంది.

కొరియర్ అబ్బాయి పార్సిళ్ళకొచ్చినప్పుడు ఈ విద్యలేవీ చాలవు. అప్పుడు వాళ్ళాయన్ని కూర్చోబెట్టాలి. తోలుబొమ్మలాటలో దొరలూ రాణులూ తెర దిగగానే కేతిగాడు ఎక్కేవాడు కదా, ఆ పదవే ఈయనది. లుంగీ కెమెరాలో పడకుండా ఒడిలో చీర కప్పి, "కామెంట్లు చదువుతూ ఉండండి, ఇంకేం మాట్లాడకండి" అని అక్క వెళుతుంది.

"ఇది ఉప్పాడా అండీ?"

"కాదండీ, బీరువాలోది."

"పొడవెంత?"

"బ్లౌజుతో కలిపి ఆరు మీటర్ల ముప్పై. రోజూ మడతలు పెట్టేది నేనే గనక ఖాయం."

"కలర్ పోతుందా?"

"ఇంట్లో ఉతికేది కూడా నేనే. మొన్న నా బనీను గులాబీ రంగైంది."

గేటు దగ్గర ఫోన్లో చూస్తున్న అక్క గుండె జారింది. పార్సిళ్ళు కొరియర్ అబ్బాయి చేతిలో పడేసి పరుగు అందుకుంది. గుమ్మంలో ఉండగానే ఆఖరి ప్రశ్న వచ్చింది.

"రేటెంత అండీ?"

ఆయన నిజాయితీగా తలెత్తాడు. "కొన్నదా, అమ్మేదా?"

అక్క ఒక్క ఉదుటున వచ్చి కెమెరాకి చెయ్యడ్డం పెట్టింది. మాట అప్పటికే బయల్దేరిపోయింది, ఇరవై సెకన్లలో డల్లాస్ కూడా చేరింది. ముఖాన నవ్వు పులుముకుని, "సరదాకి అన్నారండీ" అంటూ కూర్చుని, భయం భయంగా అంకె వైపు చూసింది. ఎప్పుడూ లేనిది, రెట్టింపైంది. బనీను ఫొటో పెట్టమని నలుగురు అడుగుతున్నారు. గద్వాల చీర కూడా బుక్కైపోయింది.

ఇప్పుడు అక్క లైవ్ పెట్టిన పది నిమిషాలకే చూసేవాళ్ళకి ఆవిడ ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తోంది.

"అక్కా, కుక్కర్ కూసినట్టుంది."

"అక్కా, కొరియర్ రాలేదా?"

"అక్కా, అంతలా మాట్లాడుతున్నారు, గొంతెండిపోతుంది. నిదానంగా లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. మాకు బావగారున్నారుగా!"