పాటీ నాన్న

పెళ్ళి భోజనాల్లో మీ పక్కన కూర్చున్న ముప్పై ముప్పై అయిదేళ్ళ కుర్రాడు, విస్తట్లో పనసపొట్టు కూర పడుతుండగా మీ చెవి దగ్గరికి వంగి, "మావాడికి మొన్నటిదాకా గట్టిగా వచ్చేదండీ, నిన్నట్నించి మెత్తబడింది" అన్నాడంటే హడలిపోకండి. ఆయన డాక్టరు కాదు. మీ మీద పగా లేదు. పాటీ నాన్న, అంతే. కూర కలుపుకుని తినెయ్యండి. పెరుగు వడ్డించేలోగా రంగు సంగతి కూడా వస్తుంది.

ఒక తరం కిందట ఈ రకం మనిషి మన వైపు లేడు. ఇప్పుడు కొండాపూర్‌లో, నల్లగండ్లలో, వైజాగ్ మధురవాడలో, లిఫ్టున్న ప్రతి బిల్డింగులోనూ అంతస్తుకొకడు దొరుకుతాడు. భుజాన వేలాడే సంచిలో లాప్‌టాప్, దాని పక్కనే రెండు జతల చిట్టి నిక్కర్లు, వైప్స్ ప్యాకెట్టు, మడతపెట్టే పాటీ సీటు. మీతో ఎన్నికల గురించి మాట్లాడుతూనే ఉంటాడు, చూపు మాత్రం కర్టెను వెనక నక్కిన రెండున్నరేళ్ళ కొడుకు మొహం మీద ఉంటుంది. ఆ మొహం కాస్త ఎర్రబడి, మూతి బిగుసుకుందా, మీ మాట మధ్యలో వదిలేసి ఒక్క దూకులో పిల్లాణ్ణి చంకనేసుకుని బాత్రూం వైపు పరుగు. మీ అభిప్రాయం ఆయనకి నచ్చక వెళ్ళిపోయాడని కొందరు నొచ్చుకుంటారు. అనవసరం.

ఈయన్ని అర్థం చేసుకోవాలంటే ఈయన తండ్రిని చూడాలి. ముగ్గురు పిల్లల తండ్రి. ముగ్గురిలో ఏ ఒక్కరికీ కడిగిన పాపాన పోలేదు. ఒళ్ళో పిల్లాడు లుంగీ తడిపితే పేపరు దించకుండానే, "ఏమేవ్, వీడు పోశాడు" అని వంటింటి వైపు ఒక ప్రకటన వదిలేవారు. దాంతో ఆ విషయంలో తండ్రిగా ఆయన చేయాల్సింది అయిపోయేది. ఇప్పుడు కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని మనవడికి నిక్కరు తొడుగుతుంటే ఆ పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, పరాయి దేశపు ఆచారం చూస్తున్నట్టు చూస్తారు.

కథ మొదలయ్యేది ప్లేస్కూలు దరఖాస్తుతో. తల్లి చదువు, తండ్రి ఉద్యోగం, పిల్లాడికి పడని తిండి, వాటన్నిటి కింద ఒక వరస: పాటీ ట్రెయినింగ్ అయిందా? అవును, కాదు. ఎంసెట్ నాటి నుంచి ఏ కాగితం మీదా "కాదు" అనే గడిలో టిక్కు పెట్టి ఎరగని మనిషాయన. పెన్ను మూసేసి, శుక్రవారం రాత్రికల్లా ఈ విషయంలో ప్రపంచంలో ఉన్నదంతా చదివేస్తాడు.

చదవడానికి ఉంది మరి. నేథన్ అజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఈ పనికి ఒక్క రోజు కూడా పట్టదంటూ 1974లో పుస్తకం వేశారు. అజ్రిన్ బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యుడు, పావురాలకి గింజలు చూపించి పనులు నేర్పిన స్కిన్నర్. వీళ్ళ పద్ధతి మొదట్లో పసిపిల్లల కోసం కూడా కాదు, సంరక్షణ కేంద్రాల్లో ఉండే మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్ళ కోసం తయారైంది. పిల్లాడు ఇష్టపడే పానీయాలు కడుపారా తాగించాలి. దాహం పెరగడానికి ఉప్పగా ఉండేవి తినిపించాలి. నీళ్ళు పోస్తే ఉచ్చ పోసే బొమ్మ ఒకటి కొని, ముందు దాని చేత చేయించి చూపించాలి. చేసినవాళ్ళకి మెప్పు, తాయిలం. అంతా విని, తణుకు నుంచి వచ్చిన అత్తగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఎక్కువ పోస్తున్నాడని కదా బాబూ మీ బాధ? మళ్ళీ తాగించడం దేనికి?"

"ఎన్నిసార్లు పోస్తే అన్నిసార్లు నేర్చుకుంటాడు అత్తయ్యగారూ."

ఆవిడ ఇంకేం అనలేదు. హాల్లో ఉన్న తివాచీని మాత్రం చుట్టి మంచం కిందకి తోసేశారు.

శనివారం పొద్దున్న బొమ్మ కార్యక్రమం. ఆన్‌లైన్‌లో తెప్పించిన బొమ్మ బుద్ధిగా నీళ్ళు తాగింది, బుద్ధిగా పాటీలో పోసింది. పిల్లాడు చప్పట్లు కొట్టాడు. నాన్న ఇచ్చిన చాక్లెట్ ముక్క న్యాయంగా బొమ్మ నోట్లో కుక్కాడు. తర్వాత షూ రాక్ వెనక్కి వెళ్ళి తన పని తను చూసుకుని వచ్చాడు. బొమ్మకి ట్రెయినింగ్ పూర్తయిందని ఆ ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

తర్వాత స్టిక్కర్ల పట్టిక. ఫ్రిజ్ తలుపు మీద వారాలూ గంటలూ గీసిన చార్టు. పోసినప్పుడల్లా ఒక పులి బొమ్మో బస్సు బొమ్మో. రెండో రోజుకి పిల్లాడు ఇందులో లొసుగు పట్టేశాడు. ఒక్కసారి పోస్తే ఒక్క బస్సు. అదే నాలుగు చుక్కలు పోసి, ఆపి, స్టిక్కరు పుచ్చుకుని, మళ్ళీ వెళ్ళి నాలుగు చుక్కలు పోస్తే? మధ్యాహ్నానికి ఫ్రిజ్ మీద ఆర్టీసీ డిపో వెలిసింది. తండ్రి మొదట మురిసిపోయాడు, తర్వాత లెక్క చూసుకుని కుప్పకూలాడు. పిల్లల వైద్యులు చూస్తే ఇందులో సంతోషించదగ్గ సంగతి ఉంది: మధ్యలో ఆపి మళ్ళీ మొదలెట్టగలిగాడంటే ఆ కండరాలు వాడి చెప్పుచేతల్లోకి వచ్చాయన్నమాటే. కానీ ఎంబీఏ చేసిన తండ్రికి ఆ చుక్కల్లో కనపడింది మాత్రం మోసం.

ఆఫీసు అలవాట్లు ఇంటికి తెచ్చుకోకుండా ఉండలేడు. అక్కడ రోజూ పొద్దున్నే నిలబడి మీటింగు, ఇక్కడ కూర్చోబెట్టి మీటింగు. సోఫా మీద ప్రమాదం జరిగితే కారణాల విశ్లేషణ చేస్తాడు. ఎన్నింటికి తాగాడు, ఏం తాగాడు, ఎవరి పర్యవేక్షణలో ఉండగా జరిగింది. గంట సేపు పరిశోధించి కారణం పుచ్చకాయ అని తేలుస్తాడు. "పుచ్చకాయ తింటే ఉచ్చొస్తుందని నన్నడిగితే చెప్పేదాన్నిగా" అని వంటింట్లోంచి వినబడుతుంది. ఆయనకి వినబడదు. వినపడినా దానికి లింకు ఉండదు.

అత్తగారిది వేరే మతం. ఆవిడ ధ్వజస్తంభం ఒకే వాక్యం: "మా అమ్మాయి తొమ్మిదో నెలకే చెప్పేది." మాటలే రాని పిల్ల ఏ భాషలో చెప్పిందని అల్లుడు ఒకసారి అడగబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ పద్ధతి చాలా పాతది. పెరట్లో చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు ముందుకి పెట్టి, పాదాల మీద బిడ్డని కూర్చోబెట్టి, నోటితో "స్స్స్స్" అనడం. పాలు తాగిన కాసేపటికి ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి. వేళలు ఆవిడ ఎక్కడా చదవలేదు గానీ, కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుందనీ, పసివాళ్ళలో ఆ కదలిక మరీ చురుగ్గా ఉంటుందనీ వైద్యపుస్తకాలు చెప్పేది అదే. ఆ "స్స్స్"కి అలవాటుపడ్డ పిల్ల కొన్నాళ్ళకి శబ్దం వింటే చాలు పోసేస్తుంది. కాబట్టి ఆవిడ గొప్ప అబద్ధమేమీ కాదు. చెప్పకుండా వదిలేసినవి కొన్ని ఉన్నాయంతే: రోజంతా కళ్ళు బిడ్డ మీదే వేసుకుని ఇంట్లో ఉండే ఒక మనిషి, మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేని బిడ్డ, చెంబుడు నీళ్ళు కొడితే ఎండకి ఆరిపోయే గచ్చు. నాలుగో అంతస్తులో ఈఎంఐ తీరని సోఫా ఉన్నచోట ఆ మూడూ లేవు.

అల్లుడు తన వైపు ఇంకో సాక్షిని తెచ్చుకున్నాడు. అజ్రిన్ ఒక్కరోజు బోల్తా కొట్టాక ఆయన బ్రేజల్టన్ పార్టీలోకి మారాడు. టి. బెర్రీ బ్రేజల్టన్ పేరున్న అమెరికా పిల్లల వైద్యుడు. పదేళ్ళపాటు తను చూసిన 1,170 మంది పిల్లల సంగతులు కూర్చి 1962లో వ్యాసం రాశాడు. తొందరపెట్టొద్దు, పిల్లాడు సిద్ధపడ్డ సూచనలు కనిపించేదాకా ఆగండి అన్నది సారాంశం. ఆయన లెక్కలో పగటిపూట అదుపు వచ్చేసరికి సగటున 28 నెలలు దాటాయి. "చూశారా అత్తయ్యగారూ, మనవాడికి ఇంకా టైముంది" అన్నాడు. పాంపర్స్ బజారులోకి వచ్చింది అంతకు ముందు ఏడు, 1961లో. 1990ల చివర్లో పెద్దపిల్లల సైజు పాంపర్స్ ప్రకటనలో బ్రేజల్టనే స్వయంగా కనబడి మాట్లాడాడు. నిజాయితీపరుడు కనక అల్లుడు ఈ ముక్క కూడా చదివి వినిపించాడు.

"డైపర్లమ్ముకునే వాళ్ళకి తొందరేముంటుంది బాబూ" అన్నారు ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

అసలు యుద్ధం రెండో పని దగ్గర. ఒంటికి వెళ్ళడం వారంలో చాలావరకు పట్టుబడింది. రెంటికి మాత్రం పిల్లాడు తనంతట తనే డైపర్ తెచ్చి నాన్న చేతికిచ్చి, వేయించుకుని, డైనింగ్ టేబుల్ కిందకి దూరి, "చూడకు" అంటాడు. కమోడ్ మీద కూర్చోబెడితే ఏడుపు. ఎందుకు ఏడవడు? కింద గొయ్యి. కాళ్ళు గాల్లో. ముక్కడానికి పాదాలకి ఆనుకునే చోటు కావాలి, అది లేదు. పైగా మీట నొక్కితే బుస్సుమని అరిచి, వాడు కన్నదాన్ని వాడి కళ్ళ ముందే మింగేసే యంత్రం. పెద్దవాళ్ళం అలవాటుపడ్డాం గానీ, తిన్నగా ఆలోచిస్తే అది భయపడాల్సిన వస్తువే. భయంతో బిగబడతాడు, బిగబడితే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పి పుట్టింది కనక మళ్ళీ బిగబడతాడు. పాటీ నాన్న పెళ్ళిలో మీ చెవిలో గొణిగింది ఈ చక్రం గురించే. నాలుగు రోజులుగా రాకపోతే ఆ మనిషి మొహం చూడలేరు. క్లయింటు కాల్‌లో ఉండగా ఇంటి నుంచి "వచ్చింది" అని ఒక్కమాట మెసేజ్ వస్తే, మ్యూట్ పెట్టడం మర్చిపోయి "అమ్మయ్య" అంటాడు. అవతల డల్లాస్‌లో ఉన్నవాళ్ళు తమ బడ్జెట్టు ఆయనకి నచ్చిందనుకుంటారు.

ఈ చక్రం తెగింది ఇద్దరి వల్లా. అత్తగారు రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష పిసికి ఆ నీళ్ళు తాగించారు. అల్లుడు పాదాల కింద ప్లాస్టిక్ స్టూలు వేసి, పిల్లాడు దిగి అవతలికి వెళ్ళేదాకా ఫ్లష్ నొక్కకూడదని ఇంట్లో శాసనం చేశాడు. ఇప్పుడు పిల్లాడే తలుపు దగ్గర నిలబడి "టాటా కక్కా" అని వీడ్కోలు చెప్పి, అనుమతిస్తాడు. ఆ తర్వాత హెల్త్ ఫాసెట్ తన చేతికివ్వాలి. అది ఇచ్చినందుకు గోడ, అద్దం, నాన్న చొక్కా తడుస్తాయి. ఇవ్వకపోతే బయటికి రాడు.

సోమవారం సంగతి చెప్పాలి. మూడు రోజుల సెలవులో ట్రెయినింగ్ అయిపోయిందని ఆయన ఆఫీసులో చెప్పుకున్నాడు. చార్టు ఫోటో తీసి మేనమామల గ్రూపులో, కాలేజీ గ్రూపులో, టవర్-బి వాళ్ళ గ్రూపులో పెట్టాడు. బొటనవేళ్ళు వర్షించాయి. ఆ సోమవారం, ఆ మంగళవారం, ఆ మాటకొస్తే ఆ నెల చివరిదాకా బాల్కనీ తీగ మీద నిక్కర్లు ఆరుతూనే ఉన్నాయి. వాటిని ఉతికినవాళ్ళు ఏ గ్రూపులోనూ ఏమీ పెట్టలేదు. తండ్రి ప్రమాదం జరిగినప్పుడు ప్రకటించేవాడు, కొడుకు విజయం కలిగినప్పుడు ప్రకటిస్తాడు; వంశంలో వచ్చిన మార్పు అక్కడ కాస్త తక్కువే. ఆయన భార్యని కదిపితే నవ్వుతుంది. "పోన్లెండి, చేస్తున్నాడుగా" అంటుంది. రెండేళ్ళు డైపర్లు మార్చినందుకు తనకి ఒక్క పులి స్టిక్కరు కూడా రాలేదన్న సంగతి ఆవిడకి గుర్తుంది.

అయినా నాకు ఈ మనిషి మీద అభిమానమే. రాత్రిపూట సంగతి తెలిశాక ఇంకాస్త పెరిగింది. మొదట్లో ఆయన అలారం తెప్పించాడు. పక్క తడవగానే మోగే గంట. అమెరికాలో మౌరర్ అనే ఆయన 1938 నాటికే దీన్ని వాడి చూపించాడు. రాత్రి రెండింటికి అది మోగితే ఆయన లేచాడు, భార్య లేచింది, అత్తగారు దొంగలనుకుని లేచారు, పక్క ఫ్లాటులో కుక్క లేచింది. పిల్లాడు లేవలేదు. రాత్రి మూత్రం తక్కువ తయారవ్వమని మూత్రపిండాలకి చెప్పే హార్మోను కుదురుకోవడానికి సమయం పడుతుందనీ, అయిదేళ్ళ లోపు పక్క తడపడం జబ్బే కాదనీ, గంట వాడేది ఆ వయసు దాటాకేననీ డాక్టరు చెప్పింతర్వాత దాన్ని అటక మీద పడేశాడు. ఇప్పుడు ఎవర్నీ లేపకుండా తనే దుప్పటి మారుస్తాడు. దాన్ని ఫోటో తియ్యడు.

పిల్లాడికి మూడు నిండాయి. ప్లేస్కూల్లో చేర్చారు. "అవును" గడిలో నిండుగా టిక్కు పడింది. సమస్యల్లా ఇప్పుడు వాడు ట్రెయినర్ అయి కూర్చోవడమే. ఇంటికి వచ్చిన చుట్టాలు బాత్రూం వైపు నడిస్తే వెంట వెళతాడు. ఒంటికా రెంటికా అని అడుగుతాడు. చేతులు కడుక్కున్నారో లేదో వాసన చూస్తాడు. తాతగారు, ఆ "వీడు పోశాడు" తాతగారే, వయసు మీదపడి రాత్రి మూడుసార్లు లేస్తున్నారని తెలిసి ఆయన తలుపు మీద కూడా చార్టు అంటించాడు.

అందరికన్నా కష్టం నాన్నకొచ్చింది. ఆదివారం పొద్దున్న ఫోను పట్టుకుని బాత్రూంలోకి వెళితే ముప్పావుగంట దాకా బయటికి రాని మనిషి. కొడుకు ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని తలుపు బయట కూర్చుంటాడు.

"నాన్నా, వచ్చిందా?"

"ఒక్క నిమిషం నాన్నా."

కాసేపు ఆగి, తలుపు కింది సందులోంచి ఒక బస్సు స్టిక్కరు లోపలికి తోస్తాడు. సమాధానం రాకపోతే, తలుపుకి నోరు ఆనించి, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న "స్స్స్స్" మొదలుపెడతాడు.