గుడ్లబుట్ట కోసం పుట్టాను

నాకు పుట్టుకతోనే ఒంటికన్ను. ఆ రోజుల్లో ఫ్రాన్స్ చట్టం ప్రకారం కారుకి ఒక్క హెడ్‌లైటు ఉంటే చాలు. నన్ను చేసినవాళ్లు రెండోది పెట్టలేదు. ఆ రెండో లైటు ఖరీదు ఎవరో ఒక రైతు జేబులోంచి రావాలి, ఆ సంగతి వాళ్లు ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

నా పేరు టీపీవీ. బుల్లి బండి అని అర్థం. సిట్రోయెన్ కంపెనీ మిషెలిన్ వారి చేతికి వచ్చిన కొత్తలో, 1930ల నడుమ, పియర్ బూలాంజే అనే ఆయన మనసులో పడ్డాను నేను. ఫ్రాన్స్ పల్లెల్లో రైతులు ఇంకా గుర్రబ్బండి మీదే సంతకి పోతున్నారు. వాళ్లకో కారు కావాలన్నాడాయన. చెక్క చెప్పులేసుకున్న ఇద్దరు రైతులు కూర్చోవాలి, వెనక 50 కిలోల బంగాళాదుంపలు పట్టాలి, గంటకి 60 కిలోమీటర్లు పోవాలి, 3 లీటర్ల పెట్రోలుతో 100 కిలోమీటర్లు రావాలి. ఇవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక్కటీ ఒక ఎత్తు: దున్నిన చేలో అడ్డంగా తోలుకుపోయినా బుట్టలో గుడ్డు పగలకూడదు. నాలుగు చక్రాల మీద గొడుగు, అంతే కావాలన్నాడు. చూపుకి ఎలా ఉన్నా ఫరవాలేదన్నాడు.

ఆ గుడ్లబుట్టే నా జాతకం రాసింది. మామూలుగా కారు గీసేవాడు ముందు బానెట్ గీత గీస్తాడు, మనుషులు ఆ గీతలో ఎక్కడో ఇమిడిపోవాలి. నా విషయంలో ముందు బుట్ట వచ్చింది, దాన్ని ఒళ్లో పెట్టుకున్న మనిషి వచ్చాడు, ఆ తర్వాతే నేను. చక్రం గోతిలో దిగితే ఒళ్లు అదరకూడదు కాబట్టి చక్రాలకి పైకీ కిందికీ బాగా ఆట ఇచ్చారు. ఆ లెక్కలు చూసిన లెఫెవ్ర్ అనే ఇంజనీరు అంతకుముందు విమానాల పని చేసినవాడు, బరువు విలువ ఎరిగినవాడు. నాలోని ప్రతి ముక్కనీ తూచారు. తూచి మళ్లీ గీశారు, మళ్లీ తూచారు. అందుకోసం ఒక విభాగమే ఉండేది. సీట్లకి కాళ్లు లేవు. పైకప్పు నుంచి తీగలతో గుడ్డ వేలాడదీశారు, చంటిబిడ్డకి ఉయ్యాల కట్టినట్టు.

నా ఒంటి మీద ముడతలు చూసి వయసు మీద పడిందనుకుంటారు. అవి పుట్టినప్పటివే. పల్చని రేకు చదునుగా ఉంటే వంగిపోతుంది, మడతలు పెడితే బిగుసుకుంటుంది. మీ తాటాకు విసనకర్రని చూడండి, అంత పల్చటి ఆకు ఆ మడతల బలంతోనే గాలిని నెడుతుంది. బరువు పెంచకుండా బలం తెచ్చే ఉపాయం అది. అందం కోసం ఎవరూ వెయ్యని ఆ గీతలే ఇప్పుడు నాలో అందరి కంటా పడుతున్నాయి. చేతివేళ్లతో తడిమి మరీ చూస్తారు.

బూలాంజే టోపీ పెట్టుకుని నాలోకి ఎక్కేవాడు. టోపీ కప్పుకి తగిలితే ఆ నమూనా మళ్లీ గీతల బల్ల మీదికి పోవాల్సిందే. రైతు సంతకి టోపీతోనే పోతాడు మరి. నన్ను ప్రేమించిన మనిషి గురించి ఇంతకంటే పెద్ద గుర్తు నా దగ్గర లేదు.

1939 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో మమ్మల్ని చూపించాలి. 250 దాకా తయారయ్యాం. సెప్టెంబరు 3న యుద్ధం వచ్చి పడింది. జర్మన్ల చేతికి చిక్కకూడదని మాలో చాలామందిని చేసినవాళ్లే నాశనం చేశారు, కొందరిని దాచారు. పరీక్షలు జరిగిన లా ఫెర్తే విదామ్‌లో ఒక కొట్టాం అటక మీదికి నాతో కలిపి ముగ్గురిని ఎక్కించారు. అప్పటి నుంచి చీకటే.

ఆ చీకట్లో ఉండగా బయట ఎంత జరిగిందో తర్వాత తెలిసింది. జర్మన్ సైన్యానికి వెళ్లే సిట్రోయెన్ లారీల్లో నూనె కొలిచే పుల్ల మీద గీతని తప్పు చోట గీసేవారట. చాలినంత ఉందనుకుని తోలితే ఇంజను పట్టేసేది. బల్ల మీద మా గీతలూ ఆగలేదు. బెర్టోని అనే ఇటలీ శిల్పి నా తర్వాత పుట్టబోయే చెల్లికి ముఖం దిద్దాడు. బెక్కియా అనే ఇంజనీరు నాలోని నీళ్లతో చల్లబడే ఇంజను బదులు గాలితో చల్లబడే ఇంజను చేశాడు. చలికాలం పొద్దున్నే గడ్డకట్టడానికి అందులో నీళ్లే ఉండవు.

1948 అక్టోబరులో ఆ చెల్లి, 2సీవీ, పారిస్‌లో ముసుగు తీసింది. పత్రికలవాళ్లు నవ్వారు. పల్లెలు నవ్వలేదు. కారు కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డారు. ఊళ్లు తిరిగే డాక్టర్లకీ మంత్రసానులకీ పశువైద్యులకీ ముందు ఇచ్చారు. 1950లో బూలాంజే కారు ప్రమాదంలో పోయాడు. ఆయన టోపీ కొలతకి పుట్టిన చెల్లెళ్లు 38 లక్షలు దాటారు. చివరిది 1990 జూలై 27న పోర్చుగల్‌లో తయారైంది.

ఆ తర్వాత కొన్నేళ్లకి మా అటక మీదికి వెలుగు వచ్చింది. దించారు, దుమ్ము దులిపారు. రంగు వెయ్యలేదు, సొట్టలు తియ్యలేదు, దొరికినవాళ్లని దొరికినట్టే ఉంచారు. అందుకు వాళ్లకి రుణపడి ఉంటాను. నన్ను గీసినవాళ్ల చేతులు తాకిన రేకు ఇదే. నా ఒళ్లో కూర్చోవాల్సిన రైతు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు, మా చెల్లి దగ్గరికి వెళ్లాడు. వాడి టోపీకి పెట్టిన జాగా మాత్రం సీటుకీ పైకమ్మీకీ మధ్య అలాగే ఉంది.